కాల్ మాట్లాడుతుండగా డేటా ఎందుకు ఆగిపోతుంది?

నెమలీక | సోమవారం, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటారు. చూపు తగ్గింది. ఫోనులో ఏ ఫారం నింపాలన్నా, ఏ పేజీ తెరవాలన్నా నేను కాల్ చేసి, పక్కన కూర్చున్నట్టే ఒక్కో అడుగూ చెబుతాను. "కింద నీలం రంగు బొత్తాం ఉంది చూడండి, దాన్ని నొక్కండి" అంటూ.

ఆరేడు నెలలుగా ఈ పని సాగడం లేదు. కాల్ కలిసిందంటే చాలు, ఆయన ఫోనులో ఇంటర్నెట్ ఆగిపోతుంది. పేజీ తెల్లగా అలాగే ఉండిపోతుంది. కాల్ పెట్టేసిన కొద్ది క్షణాలకు అన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. విచిత్రం ఏమిటంటే, మాట్లాడుతుండగా ఎస్సెమ్మెస్ మాత్రం వస్తుంది. వాట్సాప్ సందేశం రాదు.

అదే ఫోను, అదే సిమ్. అంతకుముందు నెమ్మదిగానైనా రెండూ కలిసి పనిచేసేవి. ఇప్పుడు ఏం మారింది? కొత్త ఫోను కొనడం ఒక దారి, నాకూ తెలుసు. కానీ ఆయన వేళ్లకు ఆ ఫోను అలవాటైపోయింది. కొత్తది ఇస్తే అన్నీ మొదటి నుంచి నేర్పాలి. అందుకే ముందు అసలు కారణం తెలుసుకోవాలని అడుగుతున్నాను.

చురుకు | సోమవారం, ఉదయం 8:31

ర్యామ్ తక్కువై ఉంటుంది. కాల్ తెర పైకి రాగానే వెనకున్న బ్రౌజర్‌ను ఫోను ఆపేస్తుంది. పాత ఫోన్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. మార్చేయడమే మేలు.

పాతరేడియో | సోమవారం, ఉదయం 9:05

చురుకు గారూ, ర్యామ్ కారణమైతే వై-ఫైలో ఉన్నప్పుడు కూడా ఆగిపోవాలి. వాట్సాప్ సందేశం కొన్ని అక్షరాలే, దానికి ర్యామ్ చాలకపోవడం జరగదు. ఇది ఫోనులో టవర్‌తో మాట్లాడే భాగానికి, అంటే రేడియోకు సంబంధించిన విషయం.

నెమలీక గారూ, మందు చెప్పే ముందు నాడి చూడాలి. నాన్నగారికి కాల్ చేసి, మాట్లాడుతుండగా తెర పైభాగంలో సిగ్నల్ గీతల పక్కన ఏ గుర్తు ఉందో చదవమనండి. కాల్ లేనప్పుడు ఏ గుర్తు ఉంటుందో కూడా రాయండి. ఆ ఫోనులో ఒక సిమ్మేనా, రెండున్నాయా? మీరు కొత్త ఫోను కొన్నా కారణం అందులో లేకపోతే ఇబ్బంది అలాగే ఉంటుంది, అందుకే అడుగుతున్నాను.

నెమలీక | సోమవారం, మధ్యాహ్నం 1:20

అడిగాను. ఆయన భూతద్దం పెట్టి చూసి చెప్పారు. కాల్ లేనప్పుడు 4జీ. మాట్లాడుతుండగా ఇంగ్లిష్ అక్షరం "ఈ". ఒక్క సిమ్మే.

ఇంకో సంగతి. నా ఫోనులో రెండు సిమ్‌లున్నాయి. రెండో సిమ్‌లో డేటా పెట్టుకున్నాను. మొదటి సిమ్‌కు కాల్ వస్తే నాకూ డేటా ఆగిపోతుంది. నాది కొత్త ఫోనే. ఇదీ అదే జబ్బా?

పాతరేడియో | సోమవారం, మధ్యాహ్నం 2:48

పైకి ఒకేలా కనిపించినా రెండింటి మూలాలు వేరు. మీ ఫోను సంగతి తర్వాత చూద్దాం. నాన్నగారి ఫోనులో కనబడిన ఆ "ఈ" సగం జవాబు చెప్పేసింది. అది ఎడ్జ్, అంటే 2జీ నెట్‌వర్క్‌లోని డేటా. కాల్ రాగానే ఆ ఫోను 4జీని వదిలి 2జీకి దిగిపోతోంది.

2జీలో రెండూ కలిసి ఎందుకు నడవవో చెబుతాను. టెలిఫోను పుట్టినప్పటి నుంచి కాల్ అంటే ఇద్దరి మధ్య ఒక దారిని కేటాయించడమే. వాళ్లు మాట్లాడినా, మౌనంగా ఉన్నా, కాల్ ముగిసేదాకా ఆ దారి వాళ్లదే. దీన్ని సర్క్యూట్ పద్ధతి అంటారు. ఇంటర్నెట్ నడక వేరు. సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, అందరి పొట్లాలనూ ఒకే దారిలో పంపుతుంది. ఈ 2జీ నెట్‌వర్క్ పద్ధతి పేరు జీఎస్‌ఎం, అది మొదట మాట కోసం కట్టిన వ్యవస్థ. అందులో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో పౌనఃపున్యాన్ని కాలంలో 8 ముక్కలుగా కోస్తారు. 8 ముక్కలూ ఒక చుట్టు తిరగడానికి 4.615 మిల్లీసెకన్లు పడుతుంది. మీ కాల్‌కు ఆ చుట్టులో ఒక ముక్క దక్కుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే ఫోను ఒకసారి పంపాలి, ఒకసారి వినాలి, మిగిలిన సందులో చుట్టుపక్కల టవర్ల బలం కొలుచుకోవాలి. ఫోనులో ఉన్న రేడియో ఒకటే. పాత రేడియోలో ముల్లు ఒకేసారి రెండు స్టేషన్ల మీద నిలవదు కదా, ఇదీ అంతే.

డేటాను దీని మీద తర్వాత అతికించారు. జీపీఆర్‌ఎస్, దాని వెనక ఎడ్జ్ అలా వచ్చినవే. అప్పుడే ఫోన్లను తరగతులుగా విడదీశారు. "ఎ" తరగతి ఫోను మాటనూ డేటానూ ఒకేసారి నడపగలదు. "బి" తరగతిది రెండింటికీ నమోదై ఉంటుంది కానీ ఒక సమయంలో ఒకటే నడుపుతుంది. జనం చేతుల్లోకి వచ్చినవి చాలావరకు "బి" తరగతివే. కాల్ మొదలవగానే "నా డేటాను కాసేపు నిలిపి ఉంచండి" అని ఫోనే నెట్‌వర్క్‌కు కబురు పెడుతుంది. కాల్ ముగిశాక మళ్లీ తెరవమంటుంది. మీరు చెప్పిన ఆ కొద్ది క్షణాల ఆలస్యం దానిదే.

దీనికి విరుగుడు కూడా కనిపెట్టారు. డ్యూయల్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అని, మాటకిచ్చిన ముక్క పక్కనే డేటాకు ఒక ముక్క ఇచ్చే పద్ధతి. ఒకే రేడియోతో పని జరిగిపోతుంది. నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు అది. కానీ టవర్‌కూ ఫోనుకూ రెండింటికీ ఆ విద్య వచ్చి ఉండాలి. ఎక్కువ నెట్‌వర్కులు దాని జోలికి పోలేదు.

ఎస్సెమ్మెస్ ఎలా వచ్చిందంటే, అది డేటా దారిలో రాదు. కాల్ సాగుతున్నంతసేపూ సిగ్నల్ బలం వంటి కబుర్లు చెప్పుకోవడానికి టవర్‌కూ ఫోనుకూ మధ్య ఒక సన్నని అదుపు మార్గం ఉంటుంది. ఎస్సెమ్మెస్ ఆ సందులోంచి దూరి వస్తుంది.

వేకువ | సోమవారం, మధ్యాహ్నం 3:10

ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. కానీ ఒక సందేహం. ఫోను హాయిగా 4జీలో ఉండగా కాల్ కోసం 2జీకి దిగడం ఎందుకు? 4జీలోనే మాట్లాడొచ్చు కదా?

తరంగం | సోమవారం, సాయంత్రం 6:22

నేను నెట్‌వర్క్ పనిలో 14 ఏళ్లు ఉన్నాను. దీనికి నేను చెబుతాను.

4జీలో, అంటే ఎల్‌టీఈలో, సర్క్యూట్ అనేదే లేదు. దాన్ని రూపొందించినప్పుడే మొత్తం పొట్లాల పద్ధతికి మార్చేశారు. మొదటి ఎల్‌టీఈ నెట్‌వర్కులు 2009 డిసెంబరులో స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో మొదలైనప్పుడు అవి డేటా కోసమే. మాటను కూడా పొట్లాలుగా కట్టి పంపే పద్ధతికి, అదే వోల్టీకి, ప్రపంచ ఆపరేటర్ల సంఘం జీఎస్‌ఎంఏ 2010లో మద్దతు తెలిపింది. జనానికి అందుబాటులోకి వచ్చింది 2012 ఆగస్టులో, అమెరికాలో, దక్షిణ కొరియాలో. ఆ మధ్య కాలంలో 4జీ ఫోనుకు కాల్ వస్తే ఏం చేయాలి? పాత నెట్‌వర్క్‌కు దింపాలి. ఈ దింపుడుకు సర్క్యూట్ స్విచ్డ్ ఫాల్‌బ్యాక్ అని పేరు. 4జీ టవర్ "నీకు కాల్ వచ్చింది, అటు వెళ్లు" అంటుంది, ఫోను వెళ్తుంది, కాల్ అక్కడ మోగుతుంది. కొన్ని ఫోన్లలో నంబరు నొక్కాక కొంతసేపు నిశ్శబ్దంగా ఉండి ఆ తర్వాత రింగు వినపడేది. ఆ నిశ్శబ్దం ఈ ప్రయాణానిదే.

దిగిన చోటు 3జీ అయితే పెద్ద నష్టం లేదు. డబ్ల్యూసీడీఎంఏ పద్ధతి 3జీలో అందరూ 5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే పౌనఃపున్యం మీద, వేర్వేరు సంకేతాలతో మాట్లాడతారు. అక్కడ ఒకే ఫోను మాటనూ డేటానూ కలిపి పంపగలదు. వేగం తగ్గుతుంది కానీ ఆగదు. దిగిన చోటు 2జీ అయితే పాతరేడియో గారు చెప్పినట్టే.

నెమలీక గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నా అనుమానం. ముందు నెమ్మదిగానైనా పేజీ తెరుచుకునేదన్నారు. అప్పుడు ఆయన ఫోను కాల్ కోసం 3జీకి దిగేది. ఇప్పుడు 2జీకి దిగుతోంది. అంటే ఆ ప్రాంతంలో 3జీ ఆపేసి ఉంటారు. చాలా చోట్ల ఆపరేటర్లు 3జీ పౌనఃపున్యాలను 4జీకి, 5జీకి మళ్లిస్తున్నారు. 2జీని మాత్రం ఉంచుతున్నారు, ఎందుకంటే పాత ఫోన్లు, మీటర్లు, యంత్రాలు ఇంకా దాని మీదే ఉన్నాయి. జర్మనీలో 2021లో జరిగింది ఇదే, 3జీ పోయింది, 2జీ మిగిలింది. అలాంటి చోట వోల్టీ లేని 4జీ ఫోను ఒక్క రోజులో పదేళ్లు వెనక్కి వెళ్తుంది. ఫోను చెడిపోలేదు. దాని కింద ఉన్న మెట్టు తీసేశారు.

వోల్టీ ఆన్‌లో ఉందేమో చూడండి.

దూరతీరం | సోమవారం, రాత్రి 9:40

తరంగం గారు 3జీలో రెండూ కలిసి నడుస్తాయన్నారు. అది 3జీ రెండు కుటుంబాల్లో ఒకదానికే వర్తిస్తుంది. రెండోది సీడీఎంఏ కుటుంబం. అందులో మాట ఒక పౌనఃపున్యం మీద, డేటా మరో పౌనఃపున్యం మీద నడిచేవి. ఒక్కోటి 1.25 మెగాహెర్ట్జ్. డేటాకు వాడిన ఈవీడీఓ డేటా కోసమే రూపొందించినది, మాట దానిలో లేదు. ఒకే రేడియో ఉన్న ఫోను ఏదో ఒకదాని మీదే నిలవగలిగేది. అప్పట్లో నా ఫోనూ ఆ రకానిదే. కొత్త ఊళ్లో దారి వెతుక్కుంటూ ఉంటే కాల్ వచ్చేది, తెర మీద మ్యాప్ గడ్డకట్టేది. మాట్లాడుతూ రెండు మలుపులు దాటిపోయేదాన్ని.

ఖరీదైన ఫోన్లకూ ఈ పరిమితి ఉండేది. 2012లో వచ్చిన ఐఫోన్ 5 అమెరికాలోని సీడీఎంఏ నెట్‌వర్కుల మీద మాటనూ ఎల్‌టీఈ డేటానూ ఒకేసారి నడపలేకపోయింది. దానికి మరో యాంటెన్నా కావాలి. అంతకు ఏడాది ముందు వచ్చిన హెచ్‌టీసీ థండర్‌బోల్ట్ మాత్రం మాటకొక రేడియో, ఎల్‌టీఈకొక రేడియో పెట్టుకుని రెండూ నడిపేది. కాబట్టి "పాత ఫోను, చవక ఫోను" అనే కొలతతో దీన్ని తేల్చలేం.

చురుకు | మంగళవారం, ఉదయం 7:15

నేను తొందరపడి రాశాను, ఒప్పుకుంటున్నాను. కానీ దూరతీరం గారు చెప్పింది చదివాక ఒక ప్రశ్న మిగిలింది. రెండు రేడియోలు పెడితే పోయేదానికి అందరూ ఎందుకు పెట్టలేదు?

పాతరేడియో | మంగళవారం, ఉదయం 8:02

మంచి ప్రశ్న. ముందుగా బ్యాటరీ. రేడియోలో పంపే భాగం చాలా తిండిపోతు. రెండు ఒకేసారి పంపితే ఛార్జింగ్ కళ్లముందే కరిగిపోతుంది, ఫోను వేడెక్కుతుంది. థండర్‌బోల్ట్ మీద వచ్చిన ముఖ్యమైన ఫిర్యాదు బ్యాటరీయే.

దాని కన్నా కష్టమైనది మరొకటి ఉంది. అరచేతిలో పట్టే పెట్టెలో రెండు పంపే యంత్రాలు పక్కపక్కనే ఉంటే వాటి తరంగాలు కలిసి, ఎవరూ అడగని మూడో పౌనఃపున్యం పుడుతుంది. అది సరిగ్గా ఫోను వినాల్సిన చోట పడిందంటే టవర్ మాట వినపడదు. టవర్ నుంచి వచ్చే సంకేతం ఫోను పంపే దాని ముందు గుసగుస లాంటిది. పక్కనే అరుస్తుంటే గుసగుస వినడం ఎంత కష్టమో ఊహించండి. వడపోతలు పెట్టాలి, యాంటెన్నాలను దూరంగా ఉంచాలి. ఫోనులో దూరం ఎక్కడిది? పైగా తల పక్కన పెట్టుకునే పరికరం కనుక శరీరం గ్రహించే రేడియో శక్తికి చట్టపరమైన హద్దు ఉంది. రెండు పంపితే రెండింటి మొత్తాన్నీ ఆ హద్దు లోపలే ఉంచాలి.

వై-ఫైకి ఈ బాధ తక్కువ. దాని రేడియో వేరు, పంపే శక్తి కూడా తక్కువ. అందుకే వై-ఫై ఉన్న ఇంట్లో ఈ సమస్య ఎవరికీ కనిపించదు.

నెమలీక | మంగళవారం, ఉదయం 11:30

తరంగం గారూ, మీ జవాబు చదివి కాసేపు అలా ఉండిపోయాను. వోల్టీ ఆఫ్‌లో ఉంది. దాన్ని ఆపించింది నేనే. ఏడాది కిందట కాల్‌లో ఆయన మాట మధ్యమధ్యలో తెగిపోతుండేది. ఎక్కడో చదివి దాన్ని ఆపమని చెప్పాను. మాట బాగుపడింది. ఆ తర్వాత కూడా పేజీలు తెరుచుకున్నాయి కనుక రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

ఇప్పుడు ఆన్ చేయించవచ్చా? మళ్లీ మాట తెగితే? ఆయనకు నా గొంతు సరిగా వినపడకపోతే అసలుకే మోసం.

తరంగం | మంగళవారం, మధ్యాహ్నం 12:15

కథ అంతా అతికింది. వోల్టీ ఆపాక కొన్ని నెలలు ఆయన ఫోను 3జీకి దిగి నడిచింది. 3జీ పోయాక 2జీకి పడింది.

తప్పకుండా ఆన్ చేయించండి. వోల్టీలో మాట కూడా పొట్లాలే కానీ, దాన్ని మామూలు ఇంటర్నెట్ పొట్లాలతో కలిపి వరుసలో నిలబెట్టరు. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక మాట పొట్లం, అంటే సెకనుకు 50. వాటికి ప్రత్యేకమైన వాహిక, హామీ ఇచ్చిన వేగం ఉంటాయి. పక్కన వీడియో డౌన్‌లోడ్ అవుతున్నా మాటకే ముందు దారి ఇస్తారు. ఒకే రేడియో, ఒకే పౌనఃపున్యం, రెండూ పొట్లాలే. పాతరేడియో గారి ముల్లు ఇక కదలాల్సిన పనే లేదు.

అప్పుడు మాట తెగిందంటే ఆ ఇంట్లో 4జీ సిగ్నల్ బలహీనంగా ఉండి ఉంటుంది. ఏడాదిలో 3జీ పౌనఃపున్యాలు 4జీకి చేరితే ఇప్పుడు మెరుగుపడి ఉండవచ్చు. పరీక్షించి చూడాల్సిందే. ఆన్ చేశాక కాల్‌లో గుర్తు 4జీగానే ఉందో లేదో గమనించండి. బొత్తాం ఆన్‌లో ఉన్నా 2జీకి దిగితే సిమ్ ఖాతాలో ఆ సేవ తెరవలేదని అర్థం, ఆపరేటర్‌ను అడగాలి. కొన్ని ఫోన్లలో ఆ బొత్తామే కనిపించదు. తయారీదారు ఆ ఆపరేటర్ అమరికలను ఫోను సాఫ్ట్‌వేర్‌లో పెట్టకపోతే అలా జరుగుతుంది. వేరే దేశంలో కొన్న ఫోన్లలో ఇది తరచుగా చూశాను.

రైలుబండి | మంగళవారం, మధ్యాహ్నం 2:05

నాకు వోల్టీ ఆన్‌లోనే ఉంది. ప్రయాణంలో కాల్ మొదట్లో డేటా బాగానే ఉంటుంది, సగంలో ఆగిపోతుంది. కాల్ మాత్రం తెగదు. ఇది ఎందుకు?

తరంగం | మంగళవారం, మధ్యాహ్నం 2:20

4జీ లేని చోటికి వచ్చారు. కాల్ తెగకుండా నెట్‌వర్క్ దాన్ని 4జీ నుంచి పాత సర్క్యూట్‌కు అప్పగించింది. అది 2జీ అయితే డేటా అక్కడితో ఆగుతుంది. మళ్లీ 4జీ వచ్చినా మామూలుగా కాల్ పెట్టేసేదాకా ఫోను పైకి ఎక్కదు. పెట్టేసి మళ్లీ చేయండి.

వేకువ | మంగళవారం, సాయంత్రం 5:45

5జీ ఫోనులో కాల్ రాగానే 5జీ గుర్తు పోయి 4జీ వస్తోంది. ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఇస్తుంటాను, అప్పుడు వేగం తగ్గుతుంది. ఇదీ ఆ దింపుడేనా?

తరంగం | మంగళవారం, సాయంత్రం 6:10

అదే కుటుంబం. 5జీలో నేరుగా మాట నడిపే పద్ధతి ఉంది కానీ అన్ని నెట్‌వర్కులూ దాన్ని మొదలుపెట్టలేదు. లేని చోట కాల్ కోసం ఫోనును 4జీకి దింపి వోల్టీలో కలుపుతారు. 4జీలో రెండూ నడుస్తాయి కనుక డేటా ఆగదు, వేగమే తగ్గుతుంది.

దూరతీరం | మంగళవారం, రాత్రి 8:30

నెమలీక గారి రెండో ప్రశ్న మిగిలిపోయింది. రెండు సిమ్‌ల ఫోన్లలో ఎక్కువ వాటికి రేడియో ఒకటే. ఖాళీగా ఉన్నప్పుడు అది రెండు నెట్‌వర్కుల పిలుపులనూ వంతులవారీగా వింటుంది. రెండు సిమ్‌లూ సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక సిమ్‌లో కాల్ మొదలైతే రేడియో మొత్తం దానిదే. రెండో సిమ్ ఆ సేపు మూగబోతుంది, దాని డేటా కూడా. ఇక్కడ వోల్టీ ఉన్నా ఫలితం లేదు, ఎందుకంటే కాల్ ఒక ఇంట్లో, డేటా మరో ఇంట్లో ఉన్నాయి.

దీనికి సెట్టింగుల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. సిమ్ లేదా మొబైల్ డేటా పేజీలో, కాల్ సమయంలో డేటాను కాల్ ఉన్న సిమ్‌కు తాత్కాలికంగా మార్చే బొత్తాం. ఐఫోన్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది, మాటలే కాస్త తేడా. దాన్ని ఆన్ చేస్తే కాల్ ఉన్నంతసేపు డేటా మొదటి సిమ్ నుంచి వస్తుంది. ఆ సిమ్‌లోనూ డేటా ప్యాక్ ఉండాలి, వోల్టీ పనిచేయాలి. రెండు సిమ్‌లనూ నిజంగా ఒకేసారి నడిపే ఫోన్లు కొన్ని ఉన్నాయి. కొనేముందు అడిగి తెలుసుకోవాలి, పెట్టె మీద "డ్యూయల్ సిమ్" అని ఉన్నంత మాత్రాన చాలదు.

నెమలీక | బుధవారం, రాత్రి 9:55

నా ఫోనులో ఆ బొత్తాం దొరికింది, పనిచేస్తోంది. దూరతీరం గారికి కృతజ్ఞతలు.

నాన్నగారి సంగతి. నిన్న సాయంత్రం వోల్టీ ఆన్ చేయించాను. కాల్‌లో గుర్తు 4జీగానే నిలిచింది. పడకగదిలో మాట కొంచెం తెగింది, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే శుభ్రంగా ఉంది. ఈ రోజు ఆరు నెలలుగా ఆగిపోయిన ఆసుపత్రి ఫారం తెరిచాం. నేను చెబుతున్నాను, ఆయన నొక్కుతున్నారు. "నీలం బొత్తాం వచ్చింది" అని ఆయనే నా కన్నా ముందు చెప్పారు. పావుగంటలో అయిపోయింది.

పెట్టేస్తానంటే "ఉండు" అన్నారు. మాట్లాడుతూనే పెరటి మందార ఫోటోలు ఒక్కొక్కటే పంపడం మొదలుపెట్టారు. ఒక్కోటి పంపి "వచ్చిందా?" అని అడుగుతారు. అన్నీ వచ్చాయి.